తుల్సా ఎదురుచూసిన రాజ్యాంగం

పదేళ్ల కిందటి మాట ఇది. దోహాలో, మదీనత్ ఖలీఫా అనే పేటలో మేముండే విల్లా బయటినుంచి చూస్తే ఒకటే ఇల్లు, లోపలికొస్తే నాలుగు సంసారాలు. ముందు భాగమంతా ఇంటి యజమానురాలిది. ఎనభై దాటిన ఖతరీ పెద్దావిడ. పనివాళ్లు ఆమెను ‘మామా’ అంటారు కాబట్టి మాకూ ఆమె మామాయే. వెనక భాగానికి మధ్యమధ్య గోడలు లేపి, మూడు ముక్కలు చేసి అద్దెకిచ్చారు. ఒక ముక్కలో ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మా అమ్మాయి మమత, అల్లుడు, మనవరాలు, నేను. రెండో ముక్కలో బోధన్ నుంచి వచ్చిన బిల్కిస్ వాళ్లు. మూడో దాంట్లో భీమవరం సుధాకరరావు గారి కుటుంబం. మామా వంటగది తలుపు, మా మూడిళ్ల తలుపులు ఒకే వాకిట్లోకి తెరుచుకుంటాయి. ఆ వంటగదిలో తొమ్మిదేళ్లుగా పొయ్యి ముందు నిలబడ్డ మనిషి తుల్సా.

నేను మొదట చూసింది తుల్సాను కాదు, ఆమె ఎండబెట్టిన ఆకును. వాకిట్లో బట్టలారేసే తీగ కింద పాత దుప్పటి పరిచి, దానిమీద నల్లబడ్డ ఆకేదో ఆరబోసి ఉంది. పుల్లటి వాసన. గోంగూరేమోనని ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. గోంగూర కాదు. అదేమిటో తెలుసుకోకుండా ఇంట్లోకి పోవడం నా వల్ల కాలేదు. వంటగది తలుపు కొట్టాను.

“అది గుంద్రుక్, అవ్వా,” అంది లోపలినుంచి ఒక సన్నటి మనిషి, తెలుగులోనే. “ఆవాకు పులవెట్టి ఎండవెడ్తం. పప్పుల ఏస్తే మస్తుంటది.”

నేను నోరు తెరిచాను. ముఖం చూస్తే నేపాల్, మాట వింటే ఆర్మూరు. మాకంటే ముందు ఆ గదుల్లో ఆర్మూరు వాళ్లు ఉండేవాళ్లట. ఆ ఇల్లాలికి మాట్లాడటానికి ఒక మనిషి కావాలి, తుల్సాకు ఉప్పు అయిపోతే పోయి అడగడానికి ఒక ఇల్లు కావాలి. ఐదేళ్లలో భాష దానంతటదే వచ్చేసింది. మామాతో అరబ్బీ, మాతో తెలుగు, దుకాణంలో హిందీ, ఫోనులో కూతురితో నేపాలీ. నవ్వేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది, ముందు పన్ను సగం విరిగి ఉండేది కాబట్టి. అది ఎట్లా విరిగిందో రెండో రోజే అడిగేశాను. చిన్నప్పుడు మేకలకు కొమ్మలు కొడుతూ చెట్టు మీదినుంచి పడిందట.

ఆమెది రామేఛాప్ అనే కొండల జిల్లా. పదిహేడేళ్లప్పుడు, రోడ్డు పని చేయించడానికి వచ్చిన ఒక మేస్త్రీ గుడిలో సిందూరం పెట్టి ఆమెను పెళ్లి చేసుకున్నాడు. రెండేళ్లున్నాడు. బిడ్డ పుట్టిన మూడో నెలలో, లద్దాఖ్‌లో పెద్ద రోడ్డు పని దొరికిందని పోయాడు. అంతే. ఉత్తరం లేదు, ఫోను లేదు. తుల్సా వాళ్ల అన్న వెతుక్కుంటూ అతను చెప్పిన ఊరికి పోతే, ఆ పేరుగల మనిషే తమ ఊళ్లో లేడన్నారట. తుల్సా బిడ్డను తల్లి దగ్గర వదిలి, బొంబాయి మీదుగా ఇక్కడికి వచ్చి చేరింది. ఇదంతా నాకు ఉల్లిగడ్డలు కోస్తూ చెప్పింది. కళ్లు తుడుచుకుంటూ, “ఉల్లిగడ్డ ఘాటు, అవ్వా. వానికోసం ఏడ్సుడు ఎప్పుడో ఆపేసిన,” అంది.

బిడ్డ పేరు బినీత.

ఆ ఇంట్లో ఇంకో నేపాలీ ఉండేవాడు, డ్రైవరు సియారాం. గేటు పక్క చిన్న గది అతనిది. ఇద్దరిదీ ఒకే దేశమంటే నమ్మడం కష్టం. ఇతనిది కింద మైదానం, జనక్‌పూర్ దగ్గర పల్లె. బీహారు సరిహద్దు నడిచిపోయేంత దూరం. భార్య సరిహద్దు అవతలి మధుబని పిల్ల. మామా ఇంటికి రాకముందు ఇండస్ట్రియల్ ఏరియాలో ఆరేళ్లు కంపెనీ బస్సు నడిపాడు. బస్సు నిండా మన జగిత్యాల, సిరిసిల్ల పిల్లలే. పొద్దున సైటుకు, సాయంత్రం క్యాంపుకు వాళ్ల లొల్లి వింటూ ఇతనికీ తెలుగు పట్టుబడింది. తుల్సాది వంటింటి తెలుగు, ఇతనిది బస్సు తెలుగు. సొంత దేశపు భాష ఉండగా ఇద్దరూ తెలుగులో పోట్లాడుకుంటుంటే చూడముచ్చటగా ఉండేది.

“మీ ఇద్దరు నేపాలీల మాట్లాడుకోవచ్చు గద?” అని అడిగాను ఒకరోజు.

“నేను నేపాలీల మాట్లాడితే ఈమె నా యాసకు నవ్వుతది,” అన్నాడు సియారాం. “మాది మైథిలి. తెలుగుల అయితే ఇద్దరిది తప్పే. బరాబర్.”

ప్రతి ఏడూ వాళ్ల దీపావళి పండుగలో చివరి రోజున తుల్సా అతని నుదుట ఏడు రంగుల బొట్టు పెట్టి, అక్రోటు పప్పు చేతిలో పోసేది. అతన్ని ‘దాయ్’ అని పిలిచేది, అంటే అన్న. అతను ‘బహినీ’ అనేవాడు, అంటే చెల్లె.

బినీతకు పదిహేడేళ్లు వచ్చాయి. బడి అయిపోయింది. ఫోనులో మా మమత తెల్లబట్టలు చూసి చూసి, తనూ నర్సింగ్ చదువుతానంది. చదువుతుంది, మార్కులున్నాయి. లేనిది ఒక్కటే, పౌరసత్వం కాగితం. నేపాల్‌లో పదహారేళ్లు దాటినవాళ్లు ఆ కాగితం తీసుకోవాలి. అది లేకుంటే నర్సింగ్ ఫారం తీసుకోరు, పాస్‌పోర్టు ఇవ్వరు, ఏ గుమస్తా దగ్గరికి పోయినా మనిషి లేనట్టే. ఆ కాగితం కావాలంటే తండ్రి కాగితం పట్టుకురావాలి. తండ్రి ఎక్కడున్నాడని తెస్తుంది?

“కొత్త రాజ్యాంగం వస్తే తల్లి పేరు మీద ఇస్తరట, అవ్వా,” అనేది తుల్సా. “గదే చూస్తున్న.”

ఆ రాజ్యాంగం కథ వింటే నాకు తల తిరిగింది. రాజులు పోయాక కొత్తగా రాసుకుంటామని, బినీతకు పదేళ్లప్పుడు ఓట్లు పెట్టి సభను కూర్చోబెట్టారట. రెండేళ్లలో రాస్తామన్నారు. గడువు పొడిగించారు. మళ్లీ పొడిగించారు. నాలుగేళ్లకు, రాయకుండానే సభ లేచిపోయింది. మళ్లీ ఓట్లు, మళ్లీ కొత్త సభ, మళ్లీ అవే కుర్చీలు, అవే కేకలు.

“నా బిడ్డ నాలుగు చదివేటప్పుడు రాస్తమన్నరు. బిడ్డ బడే అయిపోయింది, వాళ్లు ఇంక రాస్తనే ఉన్నరు,” అంది తుల్సా.

“గంత పెద్ద పుస్తకమానే?”

“పుస్తకం చిన్నదే, అవ్వా. లడాయి పెద్దది.”

ఆ ఏడాది ఏప్రిల్‌లో అక్కడ భూకంపం వచ్చింది. తుల్సా తల్లిగారింటి గోడ ఒకటి పడిపోయింది. ముసలామె, బినీత రేకుల కింద పడుకున్నారు. అంత పెద్ద దెబ్బ తగిలాక గాని పార్టీల వాళ్లు ఒకచోట కూర్చోలేదు. రాయడం ఊపందుకుంది. ముందు రాసిన ముసాయిదాలో, తల్లి తండ్రి ఇద్దరూ నేపాలీలని చూపితేనే బిడ్డకు కాగితమన్నారట. ఆ కబురు తెలిసిన రోజు తుల్సా మామాకు వండే మాంసపు అన్నం, మచ్బూస్‌లో ఉప్పు రెండుసార్లు వేసింది. మామా పళ్లెం వెనక్కి పంపింది. అక్కడ ఆడవాళ్లు రోడ్ల మీద కూర్చున్నారు. ఆ వీడియోలన్నీ తుల్సా నాకు చూపించేది. ఎవరెవరో నాకు తెలియదు గాని, “గట్టిగ అనుండ్రి,” అని నేనూ ఫోనుకు చెప్పేదాన్ని. చివరికి, తండ్రి ఆచూకీ లేకపోతే తల్లిని బట్టి ఇస్తామని రాశారు.

గేటు దగ్గర సియారాం ఫోనులో వేరే వీడియోలు. దేశాన్ని కొత్తగా రాష్ట్రాలుగా కోస్తున్నారు, మైదానం వాళ్లను ముక్కలు చేసి కొండ వాళ్లలో కలిపేశారు, మా సీట్లు తగ్గించారు, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మా భార్యలను తక్కువ చేశారు అని వాళ్ల ఊళ్లల్లో బందులు. కాల్పులు. మనుషులు పోయారు. సియారాం తమ్ముడు ఊరేగింపులో ఉంటే లాఠీ దెబ్బకు కాలు విరిగింది. ఒకే వాకిట్లో రెండు ఫోనులు, రెండు నేపాళ్లు. నేను దానికీ దీనికీ మధ్య తిరుగుతూ రెండూ వినేదాన్ని, కాని రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని తోచలేదు.

సెప్టెంబరు ఇరవయ్యో తారీఖు. బక్రీదుకు ఇంకా నాలుగు రోజులు. మధ్యాహ్నం మామా కునుకు తీసే వేళ, తుల్సా తడిచేతులతో పరుగెత్తుకొచ్చి నన్ను చుట్టేసుకుంది.

“అయింది, అవ్వా! సంతకం అయింది! అచ్చేసింది!”

వాళ్ల ఊళ్లో అందరూ దీపాలు పెడుతున్నారట. ఇక్కడ ప్రమిదలెక్కడివి? ట్యూనా డబ్బాల మూతలు కడిగి తుడిచింది. నేను దూది చుట్టి వత్తులు చేసిచ్చాను. ఆవనూనె పోసింది. ఎండ దిగాక ఇరవై ఒక్క దీపం గోడ పొడుగునా పెట్టింది. బిల్కిస్ పిల్లలు, మా మనవరాలు చుట్టూ గంతులు. చివరి దీపం తీసుకుపోయి సియారాం గడప మీద పెట్టింది.

“దాయ్ గడప చీకటుంటే మంచిగుండది,” అంది.

సియారాం మామాను కూతురింటి దగ్గర దించి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యే వేళకు తిరిగొచ్చాడు. కారు దిగి, గోడ చూశాడు. గడప చూశాడు. బండి కడిగే పైపు తీసి, గడప మీది దీపాన్ని నీళ్లు పోసి ఆర్పాడు. గోడ మీది వాటిని ముట్టలేదు.

తుల్సా ముఖం తెల్లబోయింది. “ఏమైంది, దాయ్?”

“నా గడప జోలికి రాకు. మా దిక్కు ఇయ్యాల ఒక్క ఇంట్ల దీపం పెట్టలే. పీనుగు లేసిన ఇండ్లల్ల దీపాలు పెడ్తరా?”

“నేను ఏడేండ్ల సంది చూస్తున్న గద. నా బిడ్డకు…”

“నీ బిడ్డకు దొరికింది. సంబురం చేస్కో. నా గడప మీద గాదు.”

తలుపు వేసుకున్నాడు. గేటు లైటు కూడా ఆర్పేశాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది జూన్‌లో మాకు తెలంగాణ వచ్చినప్పుడు, నేను ఇదే వాకిట్లో లడ్డూలు పంచాను. సుధాకరరావు గారి తలుపు కొట్టి, ఆయన భార్యకు పళ్లెంలో రెండు పెట్టిచ్చాను. ఆమె “సంతోషమండీ,” అని తీసుకుంది. మూడు రోజుల తర్వాత పళ్లెం తెచ్చుకుందామని పోతే, లడ్డూలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అంత చూసినదాన్ని, తుల్సా ఆ దీపం చేతిలోకి తీసుకున్నప్పుడు చెయ్యి పట్టుకుని ఆపవలసింది. వత్తి చేసిచ్చింది నేనే.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కాని ఒకే ఇంట్లో వంటమనిషి, డ్రైవరు మాట్లాడుకోకుంటే ఎట్లా? సరుకులు రాయించేది ఆమె, తెచ్చేది అతను. ఆ పని నా మీద పడింది. తుల్సా వంటగది గుమ్మంలో, సియారాం కారు దగ్గర. మధ్య నాలుగడుగులు.

“అవ్వా, అడుగు ఆమెను. పెరుగు డబ్బా పెద్దదా, చిన్నదా?”

“అవ్వా, చెప్పు ఆయనకు. ఎప్పుడన్న చిన్నది తెచ్చిండా అని.”

“విన్నవు గద, కొడుకా?”

“ఇనలే. నువ్వు చెప్పు.”

“పెద్దది,” అనేదాన్ని నేను. బిల్కిస్ కిటికీలోంచి చూసి నవ్వు ఆపుకోలేక, “వదినె, నువ్వు ఐక్యరాజ్యసమితిల నౌకరి చేస్కో,” అనేది.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. రాజ్యాంగం వచ్చింది సరే, కాగితం ఎట్లా వస్తుందని తుల్సా నన్ను అడిగింది. నాకు తెలిసింది ఒక్కటే. తెలంగాణ వచ్చిన కొత్తలో మన దగ్గర ఒక్కరోజు సర్వే పెట్టారు కదా. ఆ రోజు ఇంట్లో లేకుంటే లెక్కలోంచి పోతామని మనవాళ్లు దోహా నుంచి కూడా విమానాలెక్కి ఊళ్లకు పోయారు. సర్కారు మనుషులే ఇంటింటికీ వచ్చి రాసుకుపోయారు. నేను అదే ధీమాతో చెప్పాను.

“కొత్త రాజ్యం వచ్చినంక సర్కారోళ్లే ఇంటికొస్తరే. పిల్లను ఇల్లు ఇడిసి పోవద్దను.”

తుల్సా నన్ను నమ్మింది. తల్లిని బిడ్డ నమ్మింది. బినీత వారం రోజులపాటు రేకుల ఇంటి ముందు మంచి బట్టలు వేసుకుని కూర్చుంది. ఎవరొస్తారు? పక్కింటి ముసలాయన అడిగి, సంగతి విని, పొట్ట పట్టుకుని నవ్వాడట. అప్పుడు జిల్లా ఆఫీసుకు పోతే, దసరా సెలవులు దగ్గరపడ్డాయని అక్కడి అధికారి ఫైలు తెరవడానికే బద్ధకించాడు. చివరికి ఒక మాట చెప్పాడు. తల్లి స్వయంగా రావాలి. తన ముందు నిలబడి, బిడ్డ తండ్రి ఆచూకీ తెలియదని చెప్పి సంతకం పెట్టాలి. తల్లి లేకుండా అయ్యే పని కాదు.

నర్సింగ్ ఫారానికి నవంబరు నడిమి దాకే గడువు. అది తప్పితే ఏడాది ఆగాలి.

మామా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పనివాళ్లిద్దరిలో ఏడాదికి ఒక్కరే ఊరికి పోవాలి, వంతుల ప్రకారం. తొమ్మిదేళ్లలో ఆ వంతు తప్పలేదు. ఆ ఏడాది వంతు సియారాంది. నవంబరులో ఛఠ్ పండుగకు పోతున్నాడు. టికెట్టు వచ్చింది, దేశం దాటడానికి కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇవ్వాల్సిన ఖురూజ్ కాగితం కూడా మామా కొడుకు సిద్ధం చేయించాడు. గదిలో అట్టపెట్టె తాళ్లతో బిగించి, నాలుగు వైపులా పేరు రాసి పెట్టుకున్నాడు.

వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టిన పాపం నాది. ఊరుకోలేకపోయాను. కారు తుడుస్తున్న సియారాం దగ్గరికి పోయి, సంగతి చెప్పి, వంతు మార్చుకోవచ్చు కదా అన్నాను. తుడిచే గుడ్డ బానెట్ మీద కొట్టాడు.

“అవ్వా, నా తమ్ముడు ఇంకా మంచం మీదనే ఉన్నడు. వాన్ని కొట్టిన సర్కారే ఆ పిల్లకు కాగితమిస్తది. ఆ కాగితం కోసం నేను ఆగాల్నా? నా పెండ్లాం నీళ్లల్ల నిలవడి సూర్యునికి మొక్కుతది, పక్కన నేనుండక నాలుగేండ్లాయె. పోయినసారి వంతుల మామా తుంటి ఆపరేషన్ వచ్చె, పండుగ దాటినంక పోయిన. నన్ను అడగకు.”

అతని మాటలో తప్పేముంది? తల దించుకుని వచ్చేశాను. కాని తుల్సా రోజూ పిల్లతో మాట్లాడి ఫోను పెట్టాక గిన్నెలు తోమే చప్పుడు వింటే నిద్ర పట్టేది కాదు. బిల్కిస్‌ను వెంటబెట్టుకుని మామా దగ్గరికి పోయాను. బిల్కిస్‌కు అరబ్బీ వచ్చు. మామా చేతికర్ర మీద గడ్డం ఆనించి అంతా విన్నది. తుల్సాను పిలిచింది.

“నువ్వు పో. డ్రైవరు తర్వాత పోతాడు. యల్లా, పెట్టె కట్టుకో.”

అయిపోయింది, దేవుడు కరుణించాడు అనుకున్నాం. తుల్సా కొంగుకు చేతులు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపింది.

“లేదు, మామా. వంతు ఆయనది.”

వాకిట్లోకి వచ్చాక బిల్కిస్ ఆమె మీద విరుచుకుపడింది. “పాగల్ అయినవా? పెద్దామె పొమ్మంటుంటే నీకేం రోగం? ఫారం తారీఖు పోతే పిల్ల ఏడాది కూసుంటది, ఎరుకేనా?”

“ఎరుకే,” అంది తుల్సా. “ఆయన వంతు గుంజుకొని తెచ్చిన కాగితం ఇచ్చి, సంతోషపడమని నా బిడ్డకు ఎట్ల చెప్పాలె, బిల్కిస్ అక్కా?”

“మరి ఆయన్ను అడుగు. నోరు తెరిచి నువ్వే అడుగు.”

“అడగ. అడిగితే కాదనలేడు. గది ఇంకా తప్పు.”

నేను తిన్నగా గేటు దగ్గరికి పోయాను. ఏం చేస్తాను, నా కాళ్లు అటే పోతాయి. మామా ఏమన్నదో, తుల్సా ఏమన్నదో పొల్లు పోకుండా చెప్పాను. సియారాం గుడ్డ పిండుతూ పిండుతూ ఆగిపోయాడు.

“మామాను ఎవరడిగిన్రు?”

“నేనే.”

“నీకెందుకవ్వా గీ పంచాది?”

“నాకే ఉంది. పిల్లను వారం రోజులు వాకిట్ల కూసోవెట్టింది నేను.”

ఆ సర్వే కథ అతనికి తెలియదు. చెప్పాను. నవ్వు రాబోయి ఆపుకున్నాడు. గుడ్డ దులిపి తీగ మీద ఆరేశాడు. తర్వాత, “మొండిది. రెండు కాళ్ల గాడిద,” అని తిట్టాడు. నన్నో, తుల్సానో అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున మామా కొడుకును ఆఫీసుకు తీసుకుపోతూ దారిలో తనే చెప్పేశాడట, ఈసారి వంతు తుల్సాదని. రెండు రోజులు అతని గదిలో ఫోను మోగుతూనే ఉంది. అవతల భార్య గొంతు గేటు దాకా వినిపించేది. మైథిలి నాకు రాదు గాని, ఆ తిట్లు అర్థం కావడానికి భాషతో పనిలేదు.

“ఆ పుస్తకం కోసం కాదవ్వా,” అన్నాడు నాతో. “పిల్ల ఫారం కోసం. ఆమెకు చెప్పు. ఆ పుస్తకం నేనింకా ఒప్పుకోలే.”

చెప్పాను. తుల్సా అక్కడే గుమ్మంలో నిలబడి ఉంది, అతను చెప్పినప్పుడే విన్నది. అయినా నా నోటితో మళ్లీ విన్నది. గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

దసరా సెలవులు కాగానే ఆమె ప్రయాణం. సియారాం తన పెట్టె తాళ్లు విప్పి, అందులోంచి మందపాటి దుప్పటి ఒకటి తీసి నా చేతికిచ్చాడు. “రేకుల కింద చలి ఉంటది. చెప్పు ఆమెకు, పాస్‌పోర్టు చేతి సంచిలనే వెట్టుకోవాలె, పెట్టెల గాదు.” ఎయిర్‌పోర్టులో దించింది కూడా అతనే. దారంతా ఒక్క మాట లేదట, రేడియోలో వార్తలు పెట్టుకుని పోయాడట.

అప్పటికి అక్కడ పరిస్థితి ఇంకా బిగుసుకుంది. మైదానం వాళ్లు సరిహద్దు మీద బైఠాయించారు. డీజిల్ రావడం లేదు, గ్యాసు రావడం లేదు. బస్సులు సగం ఆగిపోయాయి. తుల్సా దిగిన మూడో రోజు సాయంత్రం సియారాం ఫోను మోగింది. నేను వాకిట్లో బట్టలు తీస్తున్నాను. అతను పేరు చూసి, కొంచెం ఆగి, ఎత్తి స్పీకరు పెట్టాడు. గాలి హోరు.

“దాయ్! మీవోళ్లు సరద్దు మీద కూసుంటే నేను బస్సు టాపు మీద కూసున్న! మేక పిల్లలు రెండు నా ఒళ్ల ఉన్నయి!”

సియారాంకు ముందు దగ్గు వచ్చింది, తర్వాత నవ్వు. “గట్టిగ పట్టుకో, బహినీ. మేకలను గాదు, బస్సును.”

ఆ రోజుతో నా ఉద్యోగం పోయింది. తర్వాత ఏ కబురైనా నేను అతని దగ్గరికి పోయి తెలుసుకోవాల్సి వచ్చేది. పోయేదాన్ని, రోజుకు మూడుసార్లు.

ఆఫీసులో మొదటి రోజు, తండ్రి పేరు చెప్పమన్నారు. చెప్పింది. ఊరు చెప్పమన్నారు. అతను చెప్పిన ఊరు చెప్పింది. అయితే అక్కడికి పోయి అతని కాగితం తెమ్మన్నారు. కొత్త రాజ్యాంగంలో ఇట్లా రాసి ఉంది కదా అంటే, మాకింకా పైనుంచి చీటీ రాలేదు అన్నాడట అధికారి. చుట్టూ మగవాళ్లు. ఒకడు, పెళ్లయిందా అసలు అని అడిగాడట.

“నువ్వేమన్నవే?” అని నేను ఫోనులో అరిచాను.

“పేరు నేను చెప్పిన, మనిషిని మీరు తెండ్రి అన్న. దొరికితే నాకు గూడ ఒకసారి చూపియ్యుండ్రి, అడిగేటియి ఉన్నయి అన్న.”

నాలుగు రోజులు ఆ ఆఫీసు మెట్ల మీదే కూర్చుంది, పక్కన బినీత. రాజ్యాంగం పుస్తకం ఒకటి కొని, ఆ పేజీ దగ్గర అగ్గిపుల్ల పెట్టుకుని, లోపలికి పోయినప్పుడల్లా అదే పేజీ తెరిచి బల్ల మీద పెట్టేదట. మూడో రోజు బినీత తనే చదివి వినిపించింది, అధికారి వినకపోతే బయట వరుసలో ఉన్నవాళ్లకు. వాళ్లల్లో ఇంకో ఇద్దరు తల్లులు ఉన్నారట అట్లాంటివాళ్లే. నాలుగో రోజు ముగ్గురూ కలిసి లోపలికి పోయారు. ఇక దీపావళి సెలవులు రేపటినుంచి. అధికారి గోడ గడియారం చూసి, తల పట్టుకుని, సంతకానికి కాగితం ముందుకు తోశాడట. ఆచూకీ లేదని తుల్సా నలుగురి ముందు గట్టిగా చెప్పి, సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం సియారాం ఫోనుకు కాగితం ఫోటో వచ్చింది. బిల్కిస్, మమత, నేను, అందరం గేటు దగ్గర మూగాము. మాకెవరికీ ఆ రాత చదవడం రాదు. సియారాం చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా ఒక్కొక్కటే చదివాడు. పేరు. పుట్టిన తారీఖు. పుట్టిన ఊరు. తల్లి పేరు చదివినప్పుడు గొంతు కొంచెం పెంచాడు. తండ్రి పేరు దగ్గర ఆగి, “ఇక్కడ గీత కొట్టిన్రు,” అన్నాడు. కింద అధికారి సంతకం, ముద్ర. అన్నీ చదివి, ఇంకోసారి మొదటినుంచి చదివాడు. నేనే చదవమన్నాను.

తుల్సా వీడియోలో వచ్చింది. వెనక బినీత, తల్లికంటే జానెడు పొడుగు. నర్సింగ్ ఫారం రేపు సెలవు కాబట్టి ఈ రోజే ఇచ్చేశారట. మమత ఆ పిల్లతో హిందీలో ఏదో చెప్పి ఏడుస్తూ నవ్వుతోంది. అందరం ఒకేసారి మాట్లాడాం, ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. కాసేపటికి తుల్సా చెయ్యెత్తింది.

“దాయ్ ఉన్నడా?”

“ఉన్న.”

“నా పని అయింది. నాలుగు రోజులు మెట్ల మీద కూసొని ఈ పుస్తకం మొత్తం చదివిన. మీ దిక్కుదీ చదివిన. నాకు మంచిగ సమజ్ కాలే. మీవోళ్లు ఏమేం అడుగుతున్నరు? నీ పెండ్లాం సంగతి ఏంది? మొదటిసంది చెప్పు, నేను మధ్యల మాట్లాడ.”

సియారాం మా వైపు చూశాడు. బండి కడిగే బకెట్ బోర్లించి, దానిమీద కూర్చున్నాడు. ఫోను గోడకు ఆనించి పెట్టాడు.

“పొడుగుంటది, బహినీ. నీ బ్యాలెన్సు అయిపోతది.”

“అయితే అయిపోనీ. మొదలువెట్టు.”

అతను మొదలుపెట్టాడు. నేను మా గుమ్మంలోంచి పీట తెచ్చుకుని అతని పక్కనే వేసుకున్నాను.